పదో నంబరుకి పంపితే ఎనిమిదికి వెళ్ళింది

తెల్లవారుజామున మూడున్నరకి మావయ్య ఫోన్ చేశాడు. "ఏరా, నాలుగో చెరువులో డీవో మూడుకి పడిపోయిందని మెసేజ్ వచ్చింది. ఏరేటర్లు ఆన్ అయ్యాయని ఇంకో మెసేజ్ కూడా వచ్చింది. ఇక్కడ చూస్తే ఒక్కటీ తిరగట్లేదు" అన్నాడు. వెనక నుంచి కాపలా అతని గొంతు వినపడుతోంది. రొయ్య అంచుకి వచ్చేసిందని అరుస్తున్నాడు.

చెరువుల సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని మా వైపు రైతులు డీవో అంటారు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలోని సన్నటి నాచు ఆక్సిజన్ ఇస్తుంది. పొద్దుగూకాక ఇచ్చేవాళ్ళుండరు, అందరూ పీల్చేవాళ్ళే. నాచు, రొయ్య, అడుగున కుళ్ళుతున్న మేత అన్నీ ఉన్నదాన్ని వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు డీవో బాగా తగ్గిపోతుంది. లీటరుకి నాలుగు మిల్లీగ్రాములకి దిగిందంటే రైతుకి నిద్ర ఉండదు. ఆ టైములో నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోతే మూడు నెలల పెట్టుబడి తెల్లారేసరికి నీళ్ళ మీద తేలుతుంది.

ఆ రోజు కాపలా అతను ప్యానెల్ బోర్డు దగ్గరికి పరుగెత్తి, స్విచ్చులు చేత్తో వేశాడు. చెరువు నిలబడింది. సరిగ్గా అదే సమయానికి, ఎనిమిదో నంబరు రైతుగారి నాలుగో చెరువులో ఎవరూ వేయకుండానే ఏరేటర్లు తిరుగుతున్నాయి. అక్కడ డీవో బాగానే ఉంది. ఆ సంగతి మాకు తెల్లారాక గానీ తెలియలేదు.

ఆ ప్రోగ్రాం రాసింది నేను. ఒక చిన్న సున్నాని ఒక ఫంక్షన్ (ప్రోగ్రాంలో ఒక పని చేసిపెట్టే ముక్క) తనకి తోచినట్టు అర్థం చేసుకుంటే ఏమవుతుందో ఆ రాత్రి చూశాను. ఈ వ్యాసం ఆ సున్నా గురించే. నెట్‌వర్క్ చిరునామాని అక్షరాల నుంచి యంత్రం వాడే బైనరీలోకి, అంటే ఒకట్లు, సున్నాల రూపంలోకి, బైనరీ నుంచి అక్షరాల్లోకి మార్చే పనిని మనం గుమాస్తా పనిలా చూస్తున్నాం. అది నిర్ణయం తీసుకునే పని. అర్థం కానప్పుడు ఊహించకుండా వెనక్కి పంపేయాల్సిన పని.

ముందు జరిగింది చెబుతాను. పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి నుంచి ఆకివీడు వెళ్ళే దారిలో పదిమంది రైతులు కలిసి ఈ ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కొక్కరికీ నాలుగు నుంచి ఆరు చెరువులు. ప్రతి చెరువు గట్టు మీదా డీవో చూసే సెన్సరు ఒకటి, ఏరేటర్ల ప్యానెల్ బోర్డులో మనం పంపే ఆదేశం అందుకునే చిన్న పెట్టె ఒకటి. పెట్టెలన్నిటికీ ఐపీ చిరునామాలు, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో యంత్రాన్నీ గుర్తుపట్టే నంబర్లు ఇచ్చాం. 192.168 తర్వాత మూడో అంకె రైతు నంబరు, నాలుగోది చెరువు నంబరు. మావయ్య పదో రైతు. కాబట్టి ఆయన నాలుగో చెరువు 192.168.10.4. చూడగానే ఏది ఎవరిదో తెలిసిపోవాలని అలా పెట్టాం.

ఆ చిరునామాల పట్టిక ఎక్సెల్‌లో తయారుచేసింది పెట్టెలు బిగించిన టెక్నీషియన్. జాగ్రత్తపరుడు. వరస సరిగ్గా రావడం కోసం ప్రతి అంకెనీ మూడు స్థానాల్లో రాశాడు. మావయ్య చెరువు అతని పట్టికలో 192.168.010.004. ఇందులో అతని తప్పేమీ లేదు. అక్షరాల్లా వరస పెడితే 10 అనేది 9 కంటే ముందొస్తుంది. 009, 010 అని రాస్తేనే వరస కుదురుతుంది. హాల్ టికెట్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, గ్యాస్ బుక్కు నంబర్లు అన్నీ ముందు సున్నాలతోనే చూసి పెరిగినవాళ్ళం మనం. సున్నా ముందుంటే విలువ మారదని ఎలిమెంటరీ స్కూల్లోనే నేర్పారు.

నేను ప్రోగ్రాం రాసిన సీ భాషకి ఆ బడి చదువు లేదు. అందులో ముందు సున్నా ఉంటే అది ఆక్టల్ అంకె, అంటే ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టేది. 010 అంటే ఎనిమిది. చిరునామాలు మార్చే పాత ఫంక్షన్లు ఆ అలవాటునే తెచ్చుకున్నాయి. నేను వాడిన ఇనెట్_ఏటూఎన్ 192.168.010.004ని చదివి, ఏ గొడవా చేయకుండా, 192.168.8.4 చేసి ఇచ్చింది. ఆ చిరునామాలో నిజంగానే ఒక పెట్టె ఉంది. అది ఆదేశం అందుకుంది, మోటార్లు వేసింది, "ఆన్ అయింది" అని జవాబు కూడా పంపింది. మావయ్యకి వచ్చిన రెండో మెసేజ్ అదే.

మరి ముందే ఎందుకు బయటపడలేదంటారా? అక్కడే ఉంది అసలు ప్రమాదం. ఒకటి నుంచి ఏడు వరకూ ఆక్టలైనా మామూలు లెక్కైనా ఒకటే. 001 ఒకటే, 007 ఏడే. మేం పరీక్షలన్నీ మొదటి ఇద్దరు ముగ్గురు రైతుల దగ్గరే చేశాం. అన్నీ చక్కగా పనిచేశాయి. ఎనిమిదో రైతు దగ్గరికి వచ్చేసరికి 008 చెల్లదంది ప్రోగ్రాం, ఎందుకంటే ఆక్టల్‌లో ఎనిమిది అనే అంకే లేదు. తొమ్మిదో రైతుకీ అదే గతి. టైపు చేయడంలో ఏదో దొర్లిందనుకుని, ఆ ఇద్దరివీ సున్నాలు తీసేసి కొట్టారు. పనిచేసింది. పదో రైతు వరసలో మళ్ళీ 010 అని ఉంది. అది చెల్లింది. చెల్లింది కాబట్టి ఎవరూ చూడలేదు.

ఏడు సరిగ్గా వచ్చి, రెండు తిరిగొచ్చి, ఒకటి తప్పు ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చిన రెండూ మాకు మేలు చేయబోయాయి. ఆ రెండు రోజుల్లోనే "ఎందుకు చెల్లదు?" అని నేను ఒక్కసారి అడిగి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ రాత్రి ఫోన్ రాగానే నేను లాప్‌టాప్ తీసి తెర మీద చిరునామా చూశాను. 192.168.10.4 అని స్పష్టంగా ఉంది. తప్పు చిరునామాలో లేదని తేల్చుకుని, వైర్ల మీదా, రేడియో లింకు మీదా, పెట్టె మీదా అనుమానపడుతూ గంటన్నర పోగొట్టాను. తెర మీద కనిపించేది డేటాబేస్ నుంచి వస్తుంది. వరస పెట్టడానికి అక్కడ మై ఎస్‌క్యూఎల్ వాళ్ళ ఇనెట్_ఏటూఎన్ ఫంక్షన్ వాడాం. పేరు అదే. కానీ అది ముందు సున్నాని పట్టించుకోదు, 010ని పది అనే చదువుతుంది. ఒకే పేరు, ఒకే రాత, రెండు అర్థాలు. తెర ఒక చెరువు చూపిస్తోంది, ప్యాకెట్, అంటే మనం పంపిన సందేశం, ఇంకో చెరువుకి వెళ్తోంది. రెండు ప్రోగ్రాములూ తమ తమ లెక్కలో సరిగ్గానే ఉన్నాయి.

అసలు ఈ మార్పిడి ఎందుకు? ఐపీ నాలుగో వెర్షన్ చిరునామా అంటే ముప్పై రెండు బిట్లు, నాలుగు బైట్లు. అంతే. మధ్యలో చుక్కలు మనిషి కోసం పెట్టినవి. వైరు మీద వెళ్ళే ప్యాకెట్‌లో చుక్కలుండవు. 192.168.10.4ని ఒకే సంఖ్యగా చదివితే 3232238084. మనం టైపు చేసేది అక్షరాలు, యంత్రం పంపేది బైట్లు. ఈ రెండిటి మధ్యా ఉన్న కాలువ లాకు ఈ ఫంక్షన్.

లాకు అన్నాను కాబట్టి బైట్ల వరస గురించి కూడా చెబుతాను. మా డెల్టాలో ఒక చేను ఎక్కడుందో రెండు రకాలుగా చెప్పొచ్చు. ఉత్తరం మీద రాసేటప్పుడు ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా. చిన్నది ముందు, పెద్దది వెనక. నీళ్ళ లెక్కలో చెప్పాలంటే అది తలకిందులవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట, విజ్జేశ్వరం హెడ్డు, పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ, ఉండి కాలువ, పిల్ల కాలువ, బోదె, చేను. పెద్దది ముందు. రెండూ ఒకే చేనుకి చేరుస్తాయి, ఏ వరసలో చదవాలో ముందే తెలిస్తే. నెట్‌వర్క్ కాలువ పద్ధతి ఎంచుకుంది, పెద్ద బైటు ముందు. మన ఇళ్ళలోని కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఉత్తరం పద్ధతిలో దాచుకుంటాయి, చిన్న బైటు ముందు. అందుకే ఆ నాలుగు బైట్లనే ఎదురు వరసలో చదివితే 3232238084 కాస్తా 67807424 అవుతుంది. అంటే 4.10.168.192. ఆ చిరునామా మా చెరువుల దగ్గరే కాదు, మా నెట్‌వర్క్‌లోనే లేదు. చిరునామాని సంఖ్యగా దాచుకునేవాళ్ళు ఏ చివర ముందో ఎక్కడో రాసిపెట్టి తీరాలి. రాయకుండా వదిలేసిన ప్రోగ్రాములు నేను చాలా చూశాను.

మళ్ళీ సున్నా దగ్గరికి వస్తాను. ఈ పాత ఫంక్షన్ల పుట్టిల్లు బర్కిలీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, 1983లో వచ్చిన 4.2 వెర్షన్. అప్పటి ఇనెట్_యాడర్ చాలా ఉదారంగా ఉండేది. నాలుగు ముక్కలు ఇస్తే తీసుకుంటుంది. మూడిస్తే చివరిదాన్ని రెండు బైట్లుగా పరుస్తుంది. రెండిస్తే మూడు బైట్లుగా పరుస్తుంది. ఒక్కటే పెద్ద సంఖ్య ఇచ్చినా తీసుకుంటుంది. ఆక్టలైనా, హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కపెట్టేది) అయినా సరే. లినక్స్ మీద ఈ రోజుకీ 127.1 అని పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే ఆదేశం) కొడితే 127.0.0.1కి, అంటే మన సొంత యంత్రానికే వెళ్తుంది. బ్రౌజర్‌లో చిరునామా చోట 2130706433 అని కొడితే అది కూడా 127.0.0.1 కిందే లెక్క. వింతగా ఉంటుంది గానీ నిజం.

ఆ ఇనెట్_యాడర్‌లో ఇంకో లోటుంది. చిరునామా అర్థం కాకపోతే మైనస్ ఒకటి ఇస్తుంది. ముప్పై రెండు బిట్లలో మైనస్ ఒకటి అంటే అన్నీ ఒకట్లే, అంటే 255.255.255.255. అది నిజమైన చిరునామా, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ పంపు అని దాని అర్థం. "నాకు అర్థం కాలేదు" అనే మాటా, "అందరికీ చెప్పు" అనే మాటా ఒకటే అయిపోయాయి. దీన్ని నేను చిన్న పొరపాటనుకోను. తెలియదు అని చెప్పడానికి విడిగా ఒక మాట లేకపోవడం చాలా పెద్ద తప్పు. తర్వాత వచ్చిన ఇనెట్_ఏటూఎన్ ఈ ఒక్కటీ సరిచేసింది. చెల్లిందా లేదా అన్నది విడిగా చెబుతుంది. ఆక్టల్ ఉదారత మాత్రం అలాగే ఉంచేసింది.

ఐపీ ఆరో వెర్షన్, అంటే ఐపీవీ6, వస్తోందని 1997లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఒకటైన ఆర్ఎఫ్‌సీ 2133 కొత్త జంటని తెచ్చింది, ఇనెట్_పీటూఎన్, ఇనెట్_ఎన్‌టూపీ. పీ అంటే మనిషికి చూపించే రూపం, ఎన్ అంటే నెట్‌వర్క్ రూపం. పీటూఎన్‌కి మూడు జవాబులున్నాయి. సరిగ్గా మారితే ఒకటి, రాత చెల్లకపోతే సున్నా, అసలు ఆ రకం చిరునామాయే తనకి తెలియకపోతే మైనస్ ఒకటి. ఆక్టల్ లేదు, హెక్స్ లేదు, మూడు ముక్కలు లేవు. నాలుగు ముక్కలు, మామూలు లెక్క, అంతే. లినక్స్‌లో మనం రోజూ వాడే గ్లిబ్‌సీ అనే సీ ఫంక్షన్ల సంచిలో అయితే 010ని చూసి చెల్లదని తిప్పి పంపుతుంది. నేను మొదటి రోజు నుంచి దీన్నే వాడాల్సింది. అది వచ్చి అప్పటికే ఇరవై ఏళ్ళు దాటింది. అయినా పాతది వాడాను, ఎందుకంటే కాలేజీలో నేర్చుకున్న ఉదాహరణలో పాతదే ఉంది. ఇలా ఎన్ని ప్రోగ్రాములు నడుస్తున్నాయో ఆలోచిస్తే టెన్షన్ వస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇంటర్నెట్ పెద్దల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1980లో ఒక సూత్రం రాశారు. మనం పంపేటప్పుడు జాగ్రత్తగా పంపాలి, అవతలివాళ్ళు పంపింది తీసుకునేటప్పుడు ఉదారంగా తీసుకోవాలని దాని సారాంశం. ఎక్కడెక్కడి యంత్రాలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే అప్పట్లో ఆ పట్టువిడుపు కావాలి. దాని వల్లే ఇంత పెద్ద ఇంటర్నెట్ నిలబడిందంటే నేను కాదనను. మా ఊరి పోస్ట్‌మ్యాన్ కూడా అదే సూత్రం మీద నడిచేవాడు. ఉత్తరం మీద పేరు తప్పున్నా, వీధి లేకపోయినా, "వయా ఉండి" అని మాత్రమే ఉన్నా సరిగ్గా మా గుమ్మంలోకే తెచ్చిచ్చేవాడు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారి కోనసీమకి అమలాపురం, కొత్త పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రాలయ్యాయి. ఆ తర్వాత కూడా పాత జిల్లా పేర్లతో ఉత్తరాలు వచ్చాయి, చేరాయి.

కానీ పోస్ట్‌మ్యాన్‌కి మేం తెలుసు. తాతయ్య పేరు తెలుసు, ఇద్దరు సుబ్బారావుల్లో ఎవరి కొడుకు దుబాయిలో ఉన్నాడో తెలుసు. అనుమానమొస్తే అరుగు మీద కూర్చున్నవాళ్ళని అడిగేవాడు. "ఇది మీదేనాండీ?" అని కవరు చూపించేవాడు. ఆయన ఉదారత వెనక ఆ ఊరి మీద ముప్పై ఏళ్ళ ఎరుక ఉంది. ఫంక్షన్‌కి ఏ ఎరుకా లేదు, అడిగే నోరూ లేదు. దాని చేతిలో ఉన్నది పదిహేను అక్షరాల రాత ఒక్కటే. ఎరుక లేనివాడు ఉదారంగా ఉంటే దాన్ని ఉదారత అనలేం. పరాయి సొమ్ముతో ఆడే జూదం అది. ఆ రాత్రి నా ప్రోగ్రాం మావయ్య చెరువు మీద ఆడింది.

సరే, ఆక్టల్ వద్దు, 010ని పదిగానే తీసుకుందాం, మన జనం అందరి ఉద్దేశం అదే కదా అని నా మిత్రుడొకడు వాదించాడు. నాకూ మొదట అదే తోచింది. ఆ ఒక్క వరస మార్చేసి ఊరుకుందామనుకున్నాను కూడా. కానీ మన ప్రోగ్రాం ఒంటరిగా బతకదు. మన దగ్గర పదిగా చదివిన రాతని మనం ఇంకో ప్రోగ్రాముకి అందిస్తాం, అది ఎనిమిదిగా చదువుతుంది. మా డేటాబేసూ నా సీ ప్రోగ్రామూ చేసింది సరిగ్గా అదే.

ప్రపంచంలో పెద్ద ఎత్తున జరిగింది కూడా అదే. 2021లో నెట్‌మాస్క్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో (అందరూ తెచ్చి వాడుకునే రెడీమేడ్ ప్రోగ్రాం ముక్క) లోపం బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2021-28918 అని దానికి నంబరిచ్చారు. ఆ లైబ్రరీ ముందు సున్నాని తీసేసి చదివేది. 0177.0.0.1 అని ఇస్తే 177.0.0.1, బయటి చిరునామా, పంపినా ఫర్వాలేదనేది. ఆ తర్వాత నిజంగా కనెక్షన్ పెట్టే ఫంక్షన్ దాన్నే ఆక్టల్‌గా చదివితే 127.0.0.1, అంటే సొంత ఇంటి లోపలి గది. కాపలావాడు ఒకలా చదివి లోపలికి వదిలాడు, లోపలున్నవాడు ఇంకోలా చదివి పెరటి తలుపు తీశాడు. దొంగకి కావలసింది ఆ రెండు చదువుల మధ్య సందే. అదే ఏడాది పైథాన్ భాషలోనూ ఇలాంటి లోపమే దొరికింది. 3.8లో సడలించిన తనిఖీని 3.9.5లో మళ్ళీ బిగించారు. గో భాష 1.17 వెర్షన్ నుంచి ముందు సున్నాలున్న చిరునామాలని తీసుకోవడం మానేసింది. గమనించండి, వీళ్ళెవరూ "ఆక్టల్‌గా చదువుదాం" అనీ అనలేదు, "పదిగా చదువుదాం" అనీ అనలేదు. చదవం అన్నారు. రెండర్థాలున్న రాతకి నిజాయితీగా ఇవ్వగలిగిన జవాబు అదొక్కటే.

కొంతమంది ఈ లైబ్రరీలేవీ వద్దని, చుక్కల దగ్గర విడగొట్టి ఒక్కో ముక్కనీ అంకెగా మార్చేస్తారు. పైథాన్‌లో రెండు వరసల పని. మన తెలుగువాళ్ళకి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది ఇక్కడ. పైథాన్‌లో అంకెగా మార్చే ఇంట్ ఫంక్షన్‌కి తెలుగు అంకెలు కూడా తెలుసు. ౧౦ అని ఇస్తే పది అంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు నిజంగా సంతోషపడ్డాను, మన అంకెలు యంత్రానికి తెలుసని. కానీ ఆ రెండు వరసల ప్రోగ్రాం ౧౯౨.౧౬౮.౧౦.౪ని కూడా చిరునామాగా ఒప్పేసుకుంటుంది. ముందు వెనకల ఖాళీలున్నా, ప్లస్ గుర్తున్నా, 1_0 అని మధ్యలో గీత పెట్టినా ఒప్పుకుంటుంది. పక్కనున్న ఇంకో ప్రోగ్రాం ఒప్పుకోదు. మళ్ళీ అదే సందు. పైథాన్ సొంత ఐపీ అడ్రస్ లైబ్రరీ మాత్రం మామూలు ఇంగ్లీషు అంకెలు కాకపోతే తిప్పి పంపుతుంది. నా భాష అంకెలని కాదన్నా నేను ఆ లైబ్రరీ వైపే ఉంటాను. తెలుగు అంకెల చోటు వేరే ఉంది. పంచాంగంలో ఉండాలి, మా ఊరి గుడి శిలాఫలకం మీద ఉండాలి. తెర మీద మనిషికి చూపించేటప్పుడు కావాలంటే అక్కడా ఉండాలి. యంత్రాలు ఒకదానికొకటి చెప్పుకునే రాతలో ఒకే రూపం ఉండాలి.

అక్షరాల నుంచి బైనరీకి వెళ్ళేటప్పుడే కాదు, వెనక్కి వచ్చేటప్పుడూ దెబ్బలున్నాయి. నా మొదటి ఉద్యోగంలో ఒక లాగ్ ఫైలు చూస్తూ రెండు రోజులు గడిపాను. పంపినవాడి చిరునామా, అందుకున్నవాడి చిరునామా, ప్రతి వరసలోనూ రెండూ ఒకటే. ఏ యంత్రమూ తనకి తానే ఉత్తరాలు రాసుకోదు కదా. నెట్‌వర్క్‌లో ఎక్కడో ప్యాకెట్లు తిరిగొస్తున్నాయని అనుకున్నాం. అసలు కారణం ఇనెట్_ఎన్‌టూఏ. అది తయారుచేసిన రాతని తన సొంత పలక మీద రాసి, ఆ పలకనే చూపిస్తుంది. రెండోసారి పిలిస్తే పాతది చెరిపేసి దాని మీదే రాస్తుంది. ఒకే ప్రింట్ వరసలో రెండుసార్లు పిలిస్తే, చివరికి రాసిందే రెండుసార్లు అచ్చవుతుంది. ఎన్‌టూపీలో ఈ బాధ లేదు, పలక మనమే ఇవ్వాలి. నాలుగో వెర్షన్‌కి పదహారు అక్షరాల చోటు, ఆరో వెర్షన్‌కి నలభై ఆరు. ఆరో వెర్షన్‌లో అతి పొడవైన రాత నలభై ఐదు అక్షరాలు, చివరి సున్నా బైటుతో నలభై ఆరు.

ఆరో వెర్షన్‌లో ఒకే చిరునామాని రాయడానికి బోలెడు దారులున్నాయి. సొంత యంత్రం చిరునామా 0:0:0:0:0:0:0:1 అని రాయొచ్చు, ::1 అని రాయొచ్చు, మధ్యలో ఎక్కడైనా కొన్ని సున్నాలు ఉంచి కొన్ని కుదించొచ్చు. హెక్స్ అక్షరాలు పెద్దవి రాయొచ్చు, చిన్నవి రాయొచ్చు. బైట్లు మాత్రం పదహారే, ఎటు రాసినా అవే. అందుకే 2010లో ఆర్ఎఫ్‌సీ 5952 ఒక పద్ధతి పెట్టింది. చిన్న అక్షరాలే రాయాలి, ముందు సున్నాలు తీసేయాలి, అన్నిటికన్నా పొడవైన సున్నాల వరసనే రెండు కోలన్లుగా కుదించాలి, సమానంగా రెండుంటే మొదటిదాన్ని కుదించాలి. మంచి పద్ధతి. కానీ అది రాసేవాళ్ళకి పెట్టిన నియమం. చదివేవాళ్ళు మిగతా రూపాలని కూడా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే వాటికి రెండర్థాలు లేవు. రూపాలెన్నున్నా అర్థం ఒకటే అయినప్పుడు ఉదారంగా ఉండటంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఒకే రూపానికి రెండర్థాలున్నప్పుడే నా పోట్లాట.

ఇందులోంచే ఇంకో మాట వస్తుంది. చిరునామాలని అక్షరాలుగా పోల్చకండి. మా ఏర్పాటులోనే జరిగింది ఇది. ఏ చిరునామాల నుంచి వచ్చే ఆదేశాలని ఒప్పుకోవాలో ఒక పట్టిక ఉండేది, అక్షరాలతో. సర్వర్‌ని ఐపీవీ6కి మార్చిన రోజు మావయ్య ఆఫీసు కంప్యూటర్ నుంచి ఒక్క ఆదేశం కూడా వెళ్ళలేదు. ఎందుకంటే ఆరో వెర్షన్ సాకెట్ (ప్రోగ్రాం నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) మీద నాలుగో వెర్షన్ చిరునామా వస్తే దాని ముందు రెండు కోలన్లు, నాలుగు ఎఫ్‌లు, ఇంకో కోలన్ చేరతాయి. అదే కంప్యూటర్, అదే చిరునామా, రాత వేరు. పట్టికలో లేదని తలుపేసేసింది. ఈసారి తలుపు మూసుకుంది కాబట్టి సరిపోయింది. నిషేధించిన చిరునామాల పట్టిక అయి ఉంటే తలుపు తెరుచుకునేది.

ఇప్పుడు నేను పాటించేది చాలా సాదా పద్ధతి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటిందా లేదా అన్నది కాటా వేయకముందే చూస్తారు. గోడౌన్‌లో పేర్చాక ప్రతి బస్తా విప్పి చూసే పని పెట్టుకోరు. చిరునామా నా ప్రోగ్రాములోకి వచ్చే చోట ఒక్కసారి, కఠినంగా చూసి, బైనరీలోకి మారుస్తాను. ఆ తర్వాత లోపలంతా బైట్లే తిరుగుతాయి. పోల్చడం, వరస పెట్టడం, దాచడం అన్నీ బైట్ల మీదే. మనిషికి చూపించేటప్పుడు మాత్రమే, ఒకే ఒక్క చోట, తిరిగి అక్షరాల్లోకి. డేటాబేస్‌కి కూడా రాత ఇవ్వను, బైట్లే ఇస్తాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్ళకైతే చిరునామాల కోసమే ఐనెట్ అనే రకం ఉంది, దాన్ని వాడుకోండి. పరీక్షలు రాసేటప్పుడు 1, 2, 3 లాంటి అంకెలతో సరిపెట్టను. 008, 010, 256, ఖాళీ రాత, చివర చుక్క, ౧౦ అన్నీ ఇస్తాను. ప్రతిదానికీ ఏ జవాబు రావాలో ముందే రాసుకుంటాను.

తిప్పి పంపేటప్పుడు మాట తీరు కూడా ముఖ్యమని ఆ ఎనిమిదో, తొమ్మిదో రైతుల విషయంలో నేర్చుకున్నాను. "చిరునామా చెల్లదు" అని మాత్రమే చెబితే మనిషి అటూ ఇటూ మార్చి, ఎలాగోలా చెల్లేదాకా కొడతాడు. ఎందుకు చెల్లదో చెప్పాలి, ఏ ముక్కలో ఉందో చూపించాలి. వాళ్ళ భాషలో చెప్పాలి.

పోయిన నెల పదకొండో రైతు చేరాడు. అదే టెక్నీషియన్, అదే ఎక్సెల్ పట్టిక, అదే చేతి అలవాటు. రెండో చెరువుకి 192.168.011.002 అని కొట్టాడు. తెర మీద తెలుగులో వచ్చింది: "మూడో అంకె 011 ముందు సున్నా ఉంది. దీన్ని పదకొండుగానూ, తొమ్మిదిగానూ చదవొచ్చు. ముందు సున్నాలు తీసి మళ్ళీ రాయండి." నేను గట్టు మీద అతని పక్కనే ఉన్నాను.

అతను రెండుసార్లు చదివాడు. సున్నాలు తీసేసి, 192.168.11.2 అని కొట్టి, సేవ్ చేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇదివరకు ఇలా అడిగేది కాదు కదండీ. రాసింది రాసినట్టు తీసేసుకునేది."

"తీసుకునేదండి."

"తీసుకుని?"

"తొమ్మిదో నంబరు వాళ్ళకి పంపేది."

అతను కాసేపు మాట్లాడలేదు. చేతిలో టెస్టరు పట్టుకుని, రోడ్డవతల తొమ్మిదో నంబరు వాళ్ళ చెరువుల్లో తిరుగుతున్న ఏరేటర్ల వైపు చూశాడు. తర్వాత ఎక్సెల్ పట్టిక తెరిచి, మొదటి రైతు దగ్గర నుంచి ఒక్కో వరసా సున్నాలు తీయడం మొదలుపెట్టాడు.